మద్దెల మూల

ఇట్లా దగ్గరికి జరగండి. ఆ టీవీ గొంతు తగ్గించి, తలుపు ఓరగా వేసి రండి. ఒక్క మాటను ఊరంతా తప్పుగా వింటే ఒక మనిషి జైలుకూ ఇంకొక మనిషి మట్టిలోకీ ఎట్లా పోతారో చెబుతాను. నడుమ లేచి పోయేవాళ్ళు ఇప్పుడే పోండి.

వినుత ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి పొద్దు నడినెత్తికి వస్తూ ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు, పోలీసులు పట్టుకున్న నితీశ్‌ను కోలారు కోర్టుకు తీసుకుపోతారు. ఈలోగా అతను నేరం చేయలేదని చూపించకపోతే, ఒకసారి లోపలికి పోయిన పిల్లవాడు ఎప్పుడు తిరిగి వస్తాడో దేవుడికే ఎరుక.

వినుత ఎవరంటారా? రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టలకొట్టు గోపాలప్పశెట్టి కూతురు. కొట్టు పైన చిన్న గది, దాని తలుపుకు 'డిటెక్టివ్' అని బోర్డు. పెళ్ళికొడుకు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా అని కూపీ లాగడం ఆమె పని. బోర్డు కట్టిన రోజు తండ్రి, "గుడ్డలు చింపే ఇంట్లో పుట్టి సంబంధాలు చింపుతావా" అని వారం రోజులు పలకలేదు. నెత్తురు కళ్ళజూసిన కేసు మాత్రం ఆమెకు ఇదే మొదలు.

కేసు కోలారు బంగారు గనుల పక్కనున్న చాంపియన్ రీఫ్స్ మైదానానిది. ఆ ఊళ్ళో పిల్లలకు నడక రాకముందే బంతి తన్నడం వస్తుంది. గని మూతపడినా, జీతాలు ఆగినా, ఆదివారం ఆట ఆగలేదు. మైదానాన్ని చూసుకునేది ఓబలప్ప. సున్నంతో గీతలు గీసేవాడు. మూలన నేలలోంచి పొడుచుకు వచ్చిన పాత ఇనుపగొట్టంలో జెండాకర్ర గుచ్చేవాడు. ఆట మొదలయ్యే ముందు ఆ గొట్టం మీద రాయితో మూడు దెబ్బలు కొట్టేవాడు. గనిలోకి మనుషులను దించే బోనులో గంట మూడుసార్లు కొడితే లోపల మనిషి ఉన్నాడు, జాగ్రత్తగా లాగమని గుర్తు. గని కూలీల లైన్ల ఇళ్ళల్లో పుట్టిన పిల్లలందరూ ఆ మూడు దెబ్బలు విని ఆటలోకి దిగినవాళ్ళే.

ఇప్పుడు ఆ మైదానాన్ని బెంగళూరు కంపెనీ ఒకటి కొన్నది. చుట్టూ నీలం రేకులు పాతింది. విల్లాలు కడతారట. 'మీ గుమ్మం ముందే స్టేడియం' అని పెద్ద బొమ్మ పెట్టారు. ఎవరి గుమ్మమో మాత్రం రాయలేదు. పాతవాళ్ళు ఆడాలంటే ఫోనులో గంట లెక్కన బుక్ చేసుకోవాలట, బూట్లు లేనివాణ్ణి లోపలికి రానివ్వరట. పిల్లలకు ఆట నేర్పే నితీశ్ గేటు దగ్గర నిలబడి ఎదురు తిరిగాడు. కంపెనీలో పనిచేసే ఇంజనీరు నందీశ్, ఒకప్పుడు ఇదే మైదానంలో గోల్‌కీపరు, అతనికి రహస్యంగా ఫోన్ చేశాడు. "రేపు తెల్లారే లోపల గ్రౌండుకు రా. ఒకటి చూపిస్తాను. అది బయటపడితే ఇక్కడ ఒక్క ఇటుక కూడా పెట్టలేరు."

నితీశ్ పోయేసరికి నందీశ్ లేడు. ఓబలప్ప తల పగిలి జెండా మూలన పడి ఉన్నాడు. పక్కనే పోలీసులు. నందీశ్ సెలవు పెట్టి బెంగళూరు పోయాడని కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు కేశవ చెప్పాడు. ఈ కేశవ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన రిటైరు పోలీసు. ముసలివాణ్ణి, వెంట అతని భార్యను, తన జీపులోనే తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చి, అతని పిడికిట్లో దొరికిందని ఒక తెల్ల గుండీని ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. అది నితీశ్ టీషర్టుది. పైగా జీపులో ఓబలప్ప "గుండీ, గుండీ" అన్నాడని భార్యే సాక్ష్యం చెప్పి వేలిముద్ర వేసింది. ఇంకేం కావాలి?

ఆ భార్య, మునివెంకటమ్మ, వార్డు బయట బెంచీ మీద మొగుడి నెత్తుటి చొక్కాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన నితీశ్ తల్లి గౌరమ్మ; వినుతను పిలిపించింది ఈమే. చూశారా విడ్డూరం? కొట్టినవాడని పేరుపడ్డ పిల్లవాడి తల్లి, దెబ్బతిన్న మనిషి భార్యకు సంగటిముద్ద కలిపి తినిపిస్తోంది.

"నా కొడుకు కొట్టలేదక్కా" అంటోంది గౌరమ్మ.

"కొట్టినాడని నేనంటినా? తిననీ, ఊరికే ఉండు" అంది మునివెంకటమ్మ.

వినుత బెంచీ ముందు గొంతుకూర్చుంది. "అవ్వా, ఒక్కటే అడుగుతాను. తాత జీపులో గుండీ అనే అనినాడా? ఇంకేమన్నా అనినాడా?"

"అదే మాట పాపా. గుండి, గుండి అని నాలుగు తూర్లు. ఆమీట నోరు పడిపాయె."

"ఆ గుండీ ఎవరిదని చెప్పినాడా?"

ముసలామె ఆమెను వింతగా చూసింది. "ఎవురిదని చెప్తాడు? దొరల కాలం నుంచీ ఉండేదే కదా."

వినుత నొసలు ముడిపడింది. దొరల కాలం నాటి గుండీ నితీశ్ టీషర్టుకు ఎట్లా వచ్చింది? దెబ్బకు ఈమెకూ మతి చలించిందేమోననుకుని మెల్లగా అడిగింది. "తెల్లగా ఉండాది కదవ్వా?"

"తెల్లగానా! లోపలంతా కారునలుపు. లైటు కొట్టినా అడుగు కనపడదు."

"ఎంతుంటుంది?"

"మనిషి పట్టేంత."

గౌరమ్మ కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. వినుత ముసలామె ఒళ్ళోని చొక్కాను ముట్టుకుని, దాని ముందు పట్టీ మీద వేలు పెట్టింది. "అవ్వా, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?"

"బొత్తాము. ఇంగేమంటారు?"

అదీ సంగతి. బట్టలకొట్టులో పుట్టిన వినుతకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది గుండీయే. కన్నడంలో రాసుకున్న ఇన్‌స్పెక్టరుకు గుండి అంటే చొక్కాకు ఉండేదీ కావచ్చు, నేలలో ఉండేదీ కావచ్చు. ఎదురుగా బల్ల మీద తెల్లగా ఒకటి కనబడుతోంది కాబట్టి దాన్నే రాసుకున్నాడు. ఓబలప్ప ఇంట్లో మాత్రం చొక్కాకు ఉండేది బొత్తాము. గుండి అంటే గొయ్యి. పాపం ఈ ముసలామె గొయ్యి అని చెప్పి వేలిముద్ర వేస్తే, వాళ్ళు గుండీ అని చదువుకుని తలలూపారు!

"యాడుండాదవ్వా ఆ గుండి?"

"మద్దెల మూల కింద. గనిలోకి గాలి పోయేదానికి తవ్విన గుండి అది, ఆ జెండా గొట్టం దాంట్లోకి దిగిందే. గని మూసినంక మింద దూలాలు పరిచి మట్టి కప్పినారు. బంతి పడితే మద్దెల మాదిరి మోగుతాది కదా, అందుకే ఆ పేరు. ఈయన ఆ మూల పిల్లోళ్ళను నిలబడనీడు. కార్నర్ కొట్టు, పరుగెత్తు అంటాడు. పోలీసోళ్ళకు చెప్పినాను కదమ్మా, రాసుకొనిరి."

ఆ మాట వినుత మనసులో తిరుగుతుండగానే గౌరమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడింది. "వినుతమ్మా, బొత్తామంటే గుర్తొచ్చె. నాకు చూపు ఆనదు. మొన్న గేటుకాడ ఆ కేశవసారు మావాడి గల్లా పట్టుకొని లాగినాడు. ఒక బొత్తాము ఊడి ఎగిరిపాయె. అందరూ చూసినారు. ఆ పొద్దే నేను ఇంగొకటి కుట్టి ఇస్తిని. తెల్లదని కుట్టినాను. కుట్టినంక వాడు నవ్వి, ఇది నల్లదమ్మా అనె. విప్పమంటే, ఉండనీలే, నీ చేతి గుర్తు అనె."

"ఆ టీషర్టే వేసుకొని పోయినాడా నిన్న?"

"అదే. పోలీసోళ్ళు విప్పించుకొన్నారు."

వినుత వెంటనే ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసింది. "సార్, మీ దగ్గరున్న టీషర్టును ఒక్కసారి తెరిచి చూడండి. గుండీ ఊడిన చోటు ఖాళీగా ఉందా, లేదా ఇంకేమైనా కుట్టి ఉందా? చూసి చెప్పండి చాలు." ఆయన విసుక్కున్నాడు గానీ సరే అన్నాడు.

"పదవ్వా, ఆ మూల చూపించాలి."

మునివెంకటమ్మ వార్డు తలుపు వైపు చూసింది. "ఈయప్ప ఒంటిగా ఉంటాడే."

"నర్సమ్మకు చెప్పి పోదాం. అర్ధగంటలో వచ్చేస్తాం" అంది వినుత. ఆ మాట గుర్తుంచుకోండి. తెలివైనవాళ్ళ కాలు కూడా ఇట్లాంటి చోటే జారుతుంది.

ముగ్గురూ ఆటో దిగేసరికి రేకుల గేటు బార్లా తెరిచి ఉంది. లోపల మద్దెల మూల దగ్గర కాంక్రీటు లారీ నిలబడి కడుపు తిప్పుతోంది. గేటులో కేశవ, చొక్కా నలగకుండా, కాలు మీద కాలు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంటమ్మా డిటెక్టివ్ గారూ, పెళ్ళిచూపులకా? ఇక్కడ వరుడు ఎవడూ లేడే!"

"ఉన్నాడేమో చూద్దామనే వచ్చినాను సార్."

"ఇది ప్రైవేటు స్థలం. ఆడంగులందరూ వచ్చి తిరగడానికి సంత కాదు."

"మొన్నటిదాకా సంతే. ఆదివారమైతే ఇక్కడ ఇసుక వేస్తే రాలేది కాదు. మీరు రేకులు పాతినంక ప్రైవేటు అయింది." వినుత గొంతు పెంచలేదు. పక్కింట్లో చక్కెర అప్పు అడిగినట్టు అంది. "మాకు ఎక్కువ పని లేదు సార్. ఓబలప్ప తాత చెప్పిన గుండిని చూసి పోతాము."

"ఇక్కడ గొయ్యీ లేదు, గియ్యీ లేదు. వెళ్ళండి."

అన్నాడు. అన్నాక, అన్నందుకు నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు.

వినుత రెండడుగులు ముందుకు వేసింది. "నేను గుండి అంటిని సార్. మీరు కదా ఆ గుండీ పిడికిట్లో దొరికిందని ఇచ్చినారు. గుండీ స్టేషన్లో ఉంది, అక్కడికి పోయి చూసుకో అనాల్సింది మీరు. గొయ్యి అని మీకెవరు చెప్పినారు? మీ ఊళ్ళో గుండీ అంటే ఏమి సార్?"

కేశవ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ ఊళ్ళో రెండేళ్ళుగా ఉంటున్నా. నాలుగు మాటలు పట్టుబడవా?"

"పట్టుబడినాయి. అందుకే తాత ఆ మాట అనగానే మీకు తెలిసిపోయింది. మాకు తెలియకుండా ఉండాలని ఇంకో గుండీ తెచ్చి పెట్టినారు."

"నోరు అదుపులో పెట్టుకో. నీలాంటివాళ్ళను నా సర్వీసులో..."

అప్పుడే వినుత ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టరు గొంతు ఈసారి విసుగ్గా లేదు. ఆమె విని, ఫోన్ దించి, కేశవనే చూస్తూ చెప్పింది. "టీషర్టుకు గుండీలన్నీ ఉండాయంట. ఒకటి మాత్రం నల్లది."

"కొట్టాక కుట్టుకుని ఉంటాడు."

"నిన్న మీ ఫోనుకే కదా పోలీసులు వచ్చింది? ఇక్కడే, ఈ మూలనే పట్టుకొన్నారు. మనిషిని కొట్టేదానికి వచ్చేవాడు సూదీదారం జేబులో వేసుకొని వస్తాడా సార్?"

గౌరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో ఆమెకే తెలియదు. మునివెంకటమ్మ మాత్రం ఎవరి మాటా వినకుండా గేటు దాటి లోపలికి నడిచిపోయింది. తన మొగుడు జీవితమంతా గీతలు గీసిన నేల అది. దానిలోకి ఆమెను ఎవరు ఆపుతారు? వెనకే వినుత పరుగెత్తింది.

గోలు వల దగ్గర పిల్లల బంతి ఒకటి మిగిలిపోయి ఉంది. వినుత దాన్ని తీసుకుని నేలకు కొట్టింది. గట్టి నేల, బంతి 'ఠన్'మని లేచింది. మద్దెల మూలకు వచ్చి మళ్ళీ కొట్టింది. మోగలేదు. 'తప్'మని పడి, పిండిముద్దలాగా కూర్చుండిపోయింది. ఆ చోట మట్టి రంగు వేరు. దాన్ని తొక్కి చదును చేసిన గుర్తులూ కొత్తవే.

"మద్దెల కడుపు నింపేసినారు" అంది మునివెంకటమ్మ, తనలో తాను. "ఎందుకు నింపినారు పాపా? ఎవురికీ చెప్పకుండా?"

"ఇక్కడ గుండి ఉందని తెలిస్తే పైన ఇల్లు ఎవరు కొంటారవ్వా? నందీశ్ చూపిస్తానన్నది ఇదే. తాత మట్టి పోసేవాళ్ళను చూసినాడు." అంటూనే వినుత వంగి ఆ కొత్త మట్టిని ముట్టుకుంది. తాత చూసింది మట్టినేనా? తల పగిలి, నోరు తిరగని మనిషి, మట్టి కోసం నాలుగుసార్లు అరుస్తాడా?

వెనక నుంచి కేశవ కేక వినబడింది. "ఏయ్ డ్రైవర్! ఏం చూస్తున్నావ్? పోసెయ్!"

లారీ గొట్టం మెల్లగా ఆ కొత్త మట్టి మీదికి తిరిగింది.

అప్పుడు కదిలింది జెండా.

మూలన, పాత ఇనుపగొట్టంలో గుచ్చిన ఎర్రజెండా. మూడుసార్లు వణికి ఆగింది. వినుత అటు చూసింది. మళ్ళీ మూడుసార్లు.

కేశవ గబగబా పోయి ఆ కర్రను పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. "గాలికి ఊగుతోంది. మీ ఊళ్ళో గాలికి కూడా డిటెక్టివ్ కావాలా?"

"గాలి యాడుండాది సార్?" అంది వినుత. లారీ పొగ దారం కట్టినట్టు నిట్టనిలువునా పైకి పోతోంది. "రేకు చప్పుడు లేదు. ఆకు కదలడం లేదు. మరి ఆ కర్రను పట్టుకొన్న మీ చెయ్యి ఎందుకు అదురుతుండాది?"

లారీలో ఉన్న డ్రైవరు క్యాసంబళ్ళి ఊరి ఆంజినప్ప. వాళ్ళ నాయన ముప్పై ఏళ్ళు గనిలో దిగినవాడు. అతను ఒక్క క్షణం ఆ చేతినే చూసి, ఇంజను ఆపేశాడు. మైదానమంతా చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దమైంది.

టంగ్. టంగ్. టంగ్.

నేల లోపల నుంచి, ఇనుము మీద రాయి.

"మూడు" అన్నాడు ఆంజినప్ప. "మూడంటే మనిషి! లోపల మనిషి ఉండాడప్పో!"

"ఎవడా మనిషి? పాత గొట్టం, ఎండకు సాగి మోగుతోంది" అన్నాడు కేశవ. "నువ్వు స్టార్ట్ చేస్తావా, ఉద్యోగం ఊడగొట్టించుకుంటావా?"

ఆంజినప్ప తాళంచెవి పీకి, పంచె మొలలో దోపుకుని, కిందికి దూకాడు. "పోతే పోనీ సార్. మా నాయన దిగినప్పుడు మూడు కొడితే లాగినోళ్ళు ఉన్న్యారు. నేను మూసినోణ్ణి అనిపించుకోను."

మునివెంకటమ్మ ఒక రాయి వెతుక్కుని వచ్చింది. ఆరడుగుల కేశవను మోచేత్తో పక్కకు నెట్టి, మొగుడు ప్రతి ఆదివారం కొట్టినట్టే గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టింది. కింద నుంచి జవాబు వచ్చింది. ఈసారి గబగబా, తడబడుతూ, ఏడ్చినట్టు. మూడు. మూడు. మూడు.

వినుత గొట్టానికి నోరు ఆనించి అరిచింది. "నందీశ్!"

చాలాసేపటికి, ఎక్కడో పాతాళం నుంచి, గాలి మాటగా మారినట్టు ఒక గొంతు పైకి వచ్చింది. "గుండి పక్కదారిలో... ఉండాను... నీళ్ళు వస్తా ఉండాయి..."

ఇక చెప్పాలా? గౌరమ్మ రేకుల బయటికి పోయి పెట్టిన కేకకు లైన్ల ఇళ్ళన్నీ కదిలాయి. పారలు, గడ్డపారలు, చేతికి ఏది దొరికితే అది. బంతాట కోసం కూడా ఆ ఊరు అంత వేగంగా పరుగెత్తి ఎరుగదు. వినుత ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి రెండే మాటలు చెప్పింది. నితీశ్‌ను జీపు ఎక్కించవద్దు. మనుషులను, తాళ్ళను, నీళ్ళు తోడే పంపును పంపండి. ఈసారి ఆయన వెంటనే సరేనన్నాడు.

ఫోన్ పెట్టి తల తిప్పింది. జెండా దగ్గర కేశవ లేడు.

గేటు బయట జీపు దుమ్ము రేపుతోంది. పారిపోతున్నాడులే, ఎంత దూరం పోతాడు అనుకుంది. ఆ గేటు ముందు దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగితే బెంగళూరు. కుడికి తిరిగితే ఆసుపత్రి.

జీపు కుడికి తిరిగింది.

నందీశ్‌ను గుండిలోకి తోసింది ఎవరో, నందీశ్ బతికి బయటపడకపోతే, చూసి చెప్పగలిగినవాడు ఒక్క ఓబలప్పే. అతని వార్డు ముందు నుంచి కాపలాగా ఉన్న ఒక్క మనిషిని, అర్ధగంట అని చెప్పి, లేపుకొని వచ్చింది తానే.

ఆమె చూపు ఎటు పోయిందో మునివెంకటమ్మ కనిపెట్టింది. చేతిలో రాయి ఇంకా ఉంది. "పాపా," అంది, "ఆ జీపు అట్ల పోతాదేమి?"

వినుత అప్పటికే ఆటో వైపు పరుగు తీసింది. గొట్టం మీద ముసలామె మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది, మూడేసి దెబ్బలు, ఆపకుండా. లోపలివాడికి ధైర్యం చెప్పడానికో, అక్కడ మంచం మీద ఒంటిగా ఉన్నవాడికి వినిపించడానికో.

ఆటో ముందు చేరిందా, జీపు ముందు చేరిందా అన్నది ఇంకో పొద్దు కథ; ఇంతదాకా బాగా గుర్తుంచుకోండి. రేపు మీ పిల్లలకు చెప్పేటప్పుడు మిగతాదంతా మరిచినా ఫరవాలేదు, బొత్తాము వేరు, గుండి వేరని మాత్రం చెప్పండి. ఏ మైదానంలోనైనా గాలి లేకుండా జెండా కదిలితే నిలబడి లెక్కపెట్టమనండి. మూడు అయితే, కింద మనిషి ఉన్నట్టు.